ఎక్స్‌రే బాగుందని పంపించేశారు, కానీ అమ్మ ఎందుకు పడిపోతున్నారు?

ప్రశ్న:
మా అమ్మగారికి 79 ఏళ్లు. మొన్న తెల్లవారుజామున బాత్రూంకు వెళ్తూ గడప దగ్గర పడిపోయారు. 108లో ఆసుపత్రికి తీసుకువెళ్తే, తుంటికి ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని చెప్పి, నొప్పి మాత్రలు రాసి పంపించారు. ఆరు నెలల్లో ఇది మూడోసారి. చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడ్డాయని ఆవిడ అంటున్నారు గాని, నాకు నమ్మకం కుదరడం లేదు. డాక్టర్లను ఏమని అడగాలి?

జవాబు 1 (వైద్యుడు):
ఎక్స్‌రే ఎముక సంగతి చెబుతుంది గాని, పడిపోవడానికి కారణం చెప్పదు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూడమని అడగండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. రద్దీలో తరచూ వదిలేసేది ఈ చిన్న పనినే. వాడుతున్న మాత్రలన్నీ, ముఖ్యంగా బీపీవి, నిద్రకు వేసుకునేవి, సంచిలో వేసి చూపించండి. రక్తం పలచబడే మందు వాడుతూ తలకు దెబ్బ తగిలించుకున్నవారికి, పైకి బాగానే కనిపించినా, సీటీ స్కాన్ అవసరం. పెద్దవారిలో మెదడు చుట్టూ రక్తం మెల్లగా చేరి, వారాల తరువాత మగతగానో తికమకగానో బయటపడవచ్చు. ఆవిడ ఇంకా కాలు మోపలేకపోతుంటే ఎక్స్‌రేతో సరిపెట్టుకోకండి. సన్నని పగులు అందులో కనిపించకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
నడుస్తున్నారండీ, కానీ గోడ పట్టుకొని. పోయిన సంక్రాంతికి ఒక్కరే రైతుబజారుకు వెళ్లివచ్చిన మనిషి.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు):
ఈ ఒక్క మాట తప్పకుండా అక్కడ చెప్పండి. వృద్ధాప్య దుర్బలతను అంచనా వేయడానికి కెనడాలో రూపొందిన తొమ్మిది మెట్ల కొలమానం ఒకటుంది. స్ట్రెచర్ మీద ఎలా ఉన్నారని కాక, జబ్బుపడడానికి రెండు వారాల ముందు ఎలా ఉండేవారన్నది అందులో లెక్క, కనుక ఆ వివరం ఇంటివారే ఇవ్వాలి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గాని అంతకు మించి గాని పడితే, పడిపోయే ముప్పు ఉన్నట్టే. పక్కన మనిషి ఉండగానే చేయించండి.

జవాబు 3:
మా నాన్నగారు ఎప్పుడూ చెప్పు జారిందనేవారు. ఊరు వదిలి మా దగ్గరికి రమ్మంటామన్న భయంతో రెండుసార్లు పడిన సంగతి దాచారని పక్కింటి పిన్నిగారు చెబితే గాని తెలియలేదు. అమ్మగారిని కోప్పడకుండా, మెల్లగా అడిగి చూడండి.