రెండో సర్వర్‌కి రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు మళ్లీ కొనాలా?

బెజవాడ_అడ్మిన్:
మా క్లయింటుది మందుల హోల్‌సేల్. 40 మంది రిమోట్ డెస్క్‌టాప్‌తో ట్యాలీలోకి వస్తారు. ఇప్పుడున్న విండోస్ సర్వర్ 2022 మెషీన్‌కి తోడు అలాంటిదే ఇంకోటి పెడుతున్నాం, ఒకటి పడిపోతే రెండోదాని మీద పని నడవాలి. లైసెన్సులు అమ్మే ఆయనేమో సర్వర్లు రెండు కాబట్టి ఆర్‌డీఎస్ క్యాల్స్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడుకునే హక్కుకి తీసుకునే లైసెన్సులు) 80 తీసుకోవాలంటున్నాడు. వాడే మనుషులు పెరగలేదు కదా, 40 చాలవా?

లెక్కల_మాస్టర్:
40 చాలు, ఇందులో రెండో మాట లేదు. క్యాల్ అనేది మనిషికో పరికరానికో తీసుకునేది, సర్వర్‌కి కాదు. పర్ యూజర్ (మనిషి లెక్కన) తీసుకుంటే ఆ మనిషి ఆఫీసు నుంచి వచ్చినా ఇంటి నుంచి వచ్చినా, మీ సర్వర్లు రెండైనా పదైనా ఒక్క క్యాలే. ఖర్చు పెరిగేది వేరేచోట: రెండో మెషీన్‌కి విండోస్ సర్వర్ లైసెన్సు విడిగా కొనాలి, అది ప్రాసెసర్‌లోని కోర్ల లెక్క, సర్వర్‌కి కనీసం 16 కోర్లు. ఆ కొత్త మెషీన్‌లో విండోస్ సర్వర్ 2025 వేద్దామనుకుంటే మాత్రం ఆగండి, 2022 క్యాల్స్ దానికి పనికిరావు.

గోదావరి_కుర్రాడు:
ఊరికే పడి ఉండే సర్వర్‌కి ఇంత ఖర్చా? లైసెన్సు లేకుండా నడవడానికి మొదట 120 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో దాని కీ తీసేస్తే ఆ రోజులు మళ్లీ మొదలవుతాయి, చిన్న ఆఫీసుల్లో చాలామంది చేసేదే. పైగా పర్ యూజర్‌లో లెక్క దాటినా విండోస్ ఎవరినీ ఆపదు. అలాంటప్పుడు 40 కూడా ఎందుకు?

లెక్కల_మాస్టర్:
తమ్ముడూ, విండోస్ ఆపలేదంటే హక్కు ఉన్నట్టు కాదు. లెక్క దాటితే ఒప్పందం తప్పినట్టే, రేపు ఆడిట్ నోటీసు వస్తే అందుకునేది ఆ వ్యాపారి, నువ్వు కాదు. ఆయనకి చెప్పకుండా ఆ కీ తీసేయడం మన వృత్తికే మచ్చ.

కరీంనగర్_సర్వర్స్:
క్యాల్స్ ఎన్ని అన్నదానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఆ 120 రోజులు ప్రతి సెషన్ హోస్ట్‌కీ (యూజర్లు లాగిన్ అయ్యే సర్వర్‌కి) విడివిడిగా నడుస్తాయి. ఒక ఆఫీసులో స్టాండ్‌బై (అత్యవసరానికి ఉంచే రెండో సర్వర్) పెట్టినవాళ్లు దానికి లైసెన్సింగ్ మోడ్ (మనిషి లెక్కనా, పరికరం లెక్కనా అన్నది) గానీ క్యాల్స్ పంచే లైసెన్స్ సర్వర్ పేరు గానీ ఇవ్వలేదు, గడువు ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ తెలియదు. నెలాఖరున మెయిన్ సర్వర్ పోయింది. రెండోదానికి పింగ్ వస్తోంది (నెట్‌వర్క్‌లో జవాబిస్తోంది), రిమోట్ డెస్క్‌టాప్‌ని నిర్వహణ పనికి తెరిచే అడ్మిన్ స్విచ్‌తో మేం లోపలికి వెళ్తున్నాం, బ్రాంచీల్లో మాత్రం ఒక్కరికీ తెరుచుకోవట్లేదు, లైసెన్స్ సర్వర్లు అందుబాటులో లేవని మెసేజ్. అడ్మిన్ పనికి ఇచ్చే రెండు సెషన్లకి క్యాల్ అక్కర్లేదు, అందుకే టెస్ట్ చేసినప్పుడల్లా అంతా బాగున్నట్టే కనిపించింది. లైసెన్సుల పరిస్థితి చూపించే లైసెన్సింగ్ డయాగ్నోజర్‌ని రెండు మెషీన్లలోనూ తెరిచి చూడండి, మామూలు యూజర్ ఐడీతో కూడా లాగిన్ అయి చూడండి.

లైసెన్స్ సర్వర్ రోల్‌ని మెయిన్ మెషీన్ మీదే పెట్టారంటే అది పడిపోయినప్పుడు లైసెన్సులు కూడా దానితోపాటే పోతాయి. వేరే మెషీన్‌లో పెట్టండి, వీలైతే ఇంకో లైసెన్స్ సర్వర్‌ని కూడా యాక్టివేట్ చేసి ఉంచండి. అందులో క్యాల్స్ లేకపోయినా కొత్త పరికరాలకి 90 రోజుల తాత్కాలిక లైసెన్సు ఇస్తుంది. ఇంతకీ డొమైన్ (యూజర్ ఐడీలన్నీ ఒకేచోట నడిపే ఏర్పాటు) ఉందా?

బెజవాడ_అడ్మిన్:
లేదన్నా, వర్క్‌గ్రూపే (ఏ మెషీన్ ఐడీలు దానివే). మాస్టర్‌గారు చెప్పినట్టు పర్ యూజర్ 40 ఆర్డర్ పెట్టబోతున్నా.

కరీంనగర్_సర్వర్స్:
ఆర్డర్ ఆపండి! విండోస్ సర్వర్ 2019 నుంచి వర్క్‌గ్రూప్‌లో పర్ యూజర్ నడవదు. లాగిన్ అవగానే లైసెన్సులో సమస్య ఉంది, 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుందని చూపించి నిజంగానే తెంచేస్తుంది. బిల్లు కొడుతుండగా తెగితే కౌంటర్‌లో ఉన్నవాళ్లకి ఎంత టెన్షనో ఆలోచించండి. వర్క్‌గ్రూప్‌లోనే ఉంటే పర్ డివైస్ (పరికరం లెక్కన) తీసుకోవాలి. షిఫ్టుల్లో ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ముగ్గురు పనిచేస్తుంటే 40 కంటే తక్కువే సరిపోవచ్చు.

లెక్కల_మాస్టర్:
నిజమే, డొమైన్ సంగతి నేను ముందు అడగాల్సింది. అయితే పర్ డివైస్‌లో ఇంటి ల్యాప్‌టాప్, ఓనరుగారి ఫోన్ కూడా పరికరాలే, వాటినీ లెక్కలో వేసుకోండి. అవి ఎక్కువైతే డొమైన్ పెట్టి పర్ యూజర్‌కి వెళ్లడమే నయం. అప్పుడు లాగిన్‌లు సరిచూసే డొమైన్ కంట్రోలర్లు కూడా రెండు ఉండాలి, ఒక్కటే పెట్టి అది పడిపోతే మీ స్టాండ్‌బైలోకి ఎవరూ లాగిన్ అవలేరు.