డీజే సెట్ల రికార్డింగుకు ఏది మేలు: 32-బిట్ ఫ్లోట్ ఉన్న చిన్న రికార్డరా, ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు ఉన్న పెద్ద రికార్డరా?

బురుజు సెంటర్ (కర్నూలు)

కర్నూలులోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ పెళ్లి రిసెప్షన్లకూ, వినాయక నిమజ్జనం ఊరేగింపులకూ డీజేగా పనిచేస్తుంటాను. ఇంతవరకూ సెట్లను ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్‌తోనే రికార్డు చేసుకుంటున్నాను గానీ, అందులో పాటలు తప్ప యాంకరు మాటలు పడవు, జనం ఈలలు, కేకలు అసలే వినిపించవు. అందుకని విడిగా ఒక రికార్డరు కొనాలనుకుంటున్నాను. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ 32-బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తుంది కనుక లెవెల్ గురించి బెంగే ఉండదని ఒక మిత్రుడు అంటున్నాడు. మేము బాడుగకు తీసుకునే సౌండ్ సిస్టమ్ ఆపరేటరు మాత్రం ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు సాకెట్టు) లేని రికార్డరు తనకు చూపించవద్దని, టాస్కామ్ డీఆర్-40ఎక్స్ లాంటిది తెచ్చుకొమ్మని అంటున్నాడు. ఎవరి మాట సబబో కారణాలతో చెప్పగలరని మనవి.

సీమ శ్రోత (కడప)

నా ఓటు 32-బిట్ ఫ్లోట్‌కే. 24-బిట్ రికార్డరులో లెవెల్ సున్నా డెసిబెల్ గీత దాటిందంటే, దాటిన భాగం తెగిపోతుంది; తర్వాత వాల్యూమ్ ఎంత తగ్గించినా పగిలిన శబ్దం పగిలినట్లే ఉంటుంది. ఫ్లోట్ ఫైలులో ఆ గీతకు పైన ఉన్నది కూడా నిలిచి ఉంటుంది కనుక ఎడిటింగులో కిందికి దించుకుంటే సరిపోతుంది. ఊరేగింపులో బండి మీద నిలబడి, ఒక చేత్తో ఫేడరు, ఇంకో చేత్తో హెడ్‌ఫోన్ పట్టుకున్న మనిషి రికార్డరు మీటరు చూస్తూ కూర్చోలేడు. ఫైలు సైజు కొంత పెరుగుతుంది: 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో 24-బిట్ అయితే గంటకు సుమారు 1 జీబీ, ఫ్లోట్ అయితే 1.4 జీబీ. ఈ కాలంలో మెమరీ కార్డుల ధరలు చూసుకుంటే అదొక లెక్క కాదు.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

కడప మిత్రులు చెప్పింది ఫైలు వరకూ అక్షరాలా నిజం. అయితే ఫైలుకు ముందు వైరు ఉంది, వైరుకు ముందు మిక్సరు ఉంది. శబ్దం ఆ రెండు చోట్లలో ఎక్కడ పగిలినా, పగిలిన శబ్దాన్నే 32-బిట్ ఫ్లోట్ ఎంతో నమ్మకంగా దాచిపెడుతుంది.

స్టేజీ మిక్సర్ల ప్రామాణిక అవుట్‌పుట్ స్థాయి ప్లస్ 4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. ఇళ్లలో వాడే టేప్ డెక్కుల వంటి వాటి స్థాయి మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్టు. రెండింటి నడుమ దాదాపు 12 డెసిబెళ్ల తేడా ఉంది. పైగా 1.23 వోల్టులన్నది మీటరు ఒద్దికగా ఉన్నప్పటి లెక్క. ఊరేగింపు మలుపు తిరిగి జనం ఊపందుకున్నాక మన డీజేలు ఎర్రలైట్లు ఆరనివ్వరన్నది అందరికీ తెలిసిందే. చిన్న రికార్డర్ల 3.5 మిల్లీమీటర్ల సాకెట్టు మైకుకూ లైనుకూ (అంటే మిక్సరు వంటి యంత్రం నుంచి వచ్చే సంకేతానికి) కలిపి పెట్టినది. దాని అనలాగ్ భాగం తట్టుకోలేనంత సంకేతం వస్తే, డిజిటల్‌గా మారకముందే పగిలిపోతుంది. ఆ సాకెట్టుకు మిక్సరును కలిపేటప్పుడు ప్లగ్-ఇన్ పవర్ (చిన్న మైకులకు ఆ సాకెట్టు ద్వారా ఇచ్చే కరెంటు) ఆపి ఉంచాలన్నది కూడా చాలామంది మరిచిపోయే విషయం.

ఇక రికార్డరులోని మైకుల సంగతి. హెచ్1 ఎసెన్షియల్ మైకులు 120 డెసిబెళ్ల వరకూ తట్టుకుంటాయని కంపెనీయే ప్రకటించింది. డీజే బండి బేస్ బాక్సులకు మూరెడు దూరంలో ఆ హద్దు దాటడం పెద్ద విశేషమేమీ కాదు. మైకు డయాఫ్రమ్ (లోపల కంపించే పొర) హద్దు దాటాక బిట్లు ఎన్నున్నా ప్రయోజనం లేదు.

కాబట్టి మొదట ఇన్‌పుట్ చూడండి, బిట్ల సంగతి తర్వాత. డీఆర్-40ఎక్స్‌లో 32-బిట్ ఫ్లోట్ లేదు గానీ, అసలు ఫైలుతోపాటు లెవెల్ తగ్గించిన రెండో ఫైలును కూడా అది రాసుకోగలదు, ఒకటి పగిలితే రెండోది అక్కరకు వస్తుంది. రెండూ కావాలంటే 2024లో వచ్చిన జూమ్ హెచ్4 ఎసెన్షియల్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లూ ఫ్లోటూ రెండూ ఉన్నాయి.

సీమ శ్రోత (కడప)

మీ లెక్కలు కాదనను గానీ, డీజే మిక్సర్లలో చాలావాటికి రికార్డింగు కోసమే విడిగా ఒక అవుట్‌పుట్ ఉంటుంది. ఉదాహరణకు పయనీర్ డీజేఎం-900ఎన్‌ఎక్స్‌ఎస్2లో రెక్ అవుట్ ఆర్‌సీఏ సాకెట్లలో వస్తుంది, మాస్టర్ వాల్యూమ్ నాబ్ ఎంత తిప్పినా దాని స్థాయి మారదు. ఆర్‌సీఏ నుంచి 3.5 పిన్నుకు కేబులు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. లెవెల్ ఎక్కువైతే మధ్యలో ఒక అటెన్యుయేటరు (లెవెల్ తగ్గించే పరికరం) పెట్టుకోవచ్చు. ఇంతమాత్రానికి పెద్ద యంత్రం మోయడం దేనికి?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

క్లబ్బులో వాయించేవారికి మీ సలహా చక్కగా సరిపోతుంది. కానీ కర్నూలు మిత్రులు అడిగింది యాంకరు మాటలు కూడా పడాలని. మన వైపు యాంకరు మైకు డీజే మిక్సరులోకి రాదు. డప్పుల ముందు పెట్టే మైకైనా, పెద్దమనిషి మాట్లాడే మైకైనా ఆపరేటరు మిక్సరులోకే వెళతాయి. అన్నీ కలిసిన శబ్దం అక్కడే దొరుకుతుంది, అక్కడ సాధారణంగా మిగిలి ఉండేవి ఎక్స్‌ఎల్‌ఆర్, పావు అంగుళం సాకెట్లే. ఆపరేటరు పట్టుబట్టడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఒక జాగ్రత్త: ఎక్స్‌ఎల్‌ఆర్ కలిపే ముందు రికార్డరులో ఫాంటమ్ పవర్ (ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు ద్వారా మైకులకు పంపే కరెంటు) తప్పనిసరిగా ఆపండి, లేకపోతే 48 వోల్టులు ఎదురు వెళ్లి మిక్సరు అవుట్‌పుట్ మీద పడతాయి.

కొత్త డీజే (ప్రొద్దుటూరు)

ఫోనుకే వైరు కలిపి రికార్డు చేసుకుంటే ఈ ఖర్చంతా ఉండదు కదా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

ఫోను హెడ్‌సెట్ సాకెట్టులో మైకు దారి ఒక్కటే ఉంటుంది, అదీ మైకు స్థాయికి తగినది. స్టీరియో రాదు, లైన్ లెవెల్ ఇస్తే పగులుతుంది. పైగా సెట్ మధ్యలో ఫోను మోగుతుంది.

బురుజు సెంటర్ (కర్నూలు)

ఇద్దరికీ ధన్యవాదాలు. నాకింకా రెండు సందేహాలున్నాయి. జనం సందడి కోసం రికార్డరు మైకులు, పాటల కోసం లైను ఒకేసారి తీసుకుంటే రెండూ కలుస్తాయా? జనరేటరు కరెంటుతో హమ్మింగు రాదా?

సీమ శ్రోత (కడప)

కలుస్తాయి గానీ నేరుగా కాదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. రికార్డరు స్పీకర్లకు 17 మీటర్ల దూరంలో ఉంటే, మైకుల్లో పడే పాట లైనులోని పాటకన్నా 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, అలాగే కలిపితే ప్రతి దరువూ రెండుసార్లు మోగినట్లుంటుంది. నాలుగు ట్రాకులు విడివిడిగా రాసే రికార్డరు అయితే ఇంటికొచ్చాక మైకు ట్రాకును ముందుకు జరుపుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో పెద్ద రికార్డరు పక్షాన నిలబడక తప్పదు. అయినా, జనం సందడి అక్కర్లేనివారికి చిన్నదే చాలునన్న నా అభిప్రాయంలో మార్పు లేదు.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

హమ్మింగుకు విరుగుడు సులువైనదే: రికార్డరును బ్యాటరీల మీదే నడపండి. మిక్సరున్న కరెంటు లైను నుంచే ఛార్జరు పెట్టారంటే రెండు ఎర్తు దారులు ఏర్పడి 50 హెర్ట్జ్ మోత లోపలికి వస్తుంది. డీఆర్-40ఎక్స్‌కు మూడు పెన్సిల్ సెల్లులు కావాలి, ఊరేగింపు మొదలయ్యే ముందే కొత్తవి వేసుకోండి.

బురుజు సెంటర్ (కర్నూలు)

ఆపరేటరును అడిగి చూశాను. ఆయన మిక్సరులో పావు అంగుళం అవుట్‌పుట్లు రెండు ఖాళీగా ఉన్నాయట. నా దగ్గర ఒక చివర స్టీరియో పావు అంగుళం పిన్ను ఉన్న వైరు ఒకటి ఉంది, అది సరిపోతుందా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

సరిపోదు. స్టీరియో పిన్నును రికార్డరు బ్యాలెన్స్‌డ్ (రెండు తీగల మీద వచ్చే సంకేతాల తేడాను తీసుకునే) ఇన్‌పుట్‌లో పెడితే అది ఎడమ శబ్దంలోంచి కుడి శబ్దాన్ని తీసేసి మిగిలిందే రాసుకుంటుంది, అంటే రెండు వైపులా సమానంగా ఉండే గాయకుడి గొంతూ బేసూ మాయమై, అంచుల్లోని తాళాలూ ప్రతిధ్వనులూ మిగులుతాయి. ఎడమకొకటి, కుడికొకటి, రెండు విడి వైర్లు తీసుకోండి, వీలైతే బ్యాలెన్స్‌డ్‌వే. నిమజ్జనం నాటికి కాకుండా, ముందు ఏదైనా చిన్న రిసెప్షన్‌లో కలిపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని గొంతు వినబడుతోందో లేదో చూసుకోండి.