పాటల్లోని బూతు, హింస పిల్లలను నిజంగా చెడగొడతాయా?

సత్యనారాయణపురం తల్లి: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. బెంజి సర్కిల్ దగ్గర షేర్ ఆటో ఎక్కితే ఇద్దరు కుర్రాళ్లు తన ముఖంలోకి చూస్తూ ఒక సినిమా పాట అందుకున్నారు. ఆడపిల్ల వద్దంటే ఔనన్నట్టే అని చెప్పే పాట. డ్రైవరు నవ్వి ఊరుకున్నాడు. ఇలాంటి పాటల వల్ల పిల్లలు చెడిపోరని ఎవరైనా చెప్పగలరా?

బ్రాడీపేట లెక్చరర్: అమ్మా, తప్పు ఆ కుర్రాళ్లది, పాటది కాదు. శృంగారం వింటే చెడిపోతామంటే మన మువ్వ క్షేత్రయ్య పదాలు ఎవరూ పాడకూడదు. పదిహేడో శతాబ్దం నుంచి పాడుకుంటూనే ఉన్నాం.

సత్యనారాయణపురం తల్లి: క్షేత్రయ్య పదాల్లో నాయిక తన కోరికను, కోపాన్ని తన నోటితోనే చెబుతుంది. మువ్వగోపాలుణ్ణే నిలదీస్తుంది. ఆటోలో పాడిన పాటలో ఆడపిల్లకు నోరే లేదు. రెండూ ఒకటెలా అవుతాయి?

మంగళగిరి విద్యార్థి: నేను సైకాలజీ చదువుతున్నాను. 2003లో అమెరికాలో ఆండర్సన్ బృందం 500 మందికి పైగా కాలేజీ విద్యార్థులపై ఐదు ప్రయోగాలు చేసింది. హింస నిండిన పాటలు విన్నవారిలో దూకుడు ఆలోచనలు, శత్రుభావం పెరిగాయి.

బ్రాడీపేట లెక్చరర్: పాట అయిన వెంటనే కొలిచారు కదా! ఆలోచన రావడం వేరు, చెయ్యి ఎత్తడం వేరు. ఆ ప్రభావం మర్నాటికి ఉంటుందా?

మంగళగిరి విద్యార్థి: అయితే 2006లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 1,461 మందిని కొన్నేళ్లపాటు విడతలుగా ప్రశ్నించారు. మనిషిని వస్తువుగా కించపరిచే లైంగిక పాటలు ఎక్కువగా విన్నవారు చిన్న వయసులోనే లైంగిక సంబంధాలు మొదలుపెట్టారు. కించపరచని శృంగార గీతాల విషయంలో అలా కనబడలేదు.

బ్రాడీపేట లెక్చరర్: ముందే అటు మొగ్గిన పిల్లలు అలాంటి పాటలు ఎంచుకుని ఉండవచ్చు.

మంగళగిరి విద్యార్థి: ఆ పిల్లల్లో ముందే ఉన్న తేడాలను కూడా లెక్కలోకి తీసుకున్నారండీ.

బ్రాడీపేట లెక్చరర్: అన్నీ తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

పటమట వాసి: ముందు కాలేజీ బస్సుల్లో పాటలు ఆపించండి.

గుంటూరు గాయని: నేను ఆర్కెస్ట్రాలో పాడతాను. ఒక తిరునాళ్లలో పాట అసభ్యంగా ఉందని కార్యక్రమం మధ్యలో ఆపించి, మాకు రావలసిన డబ్బు ఎగ్గొట్టారు. అదే పాట ఆ ఊరి థియేటర్లో ఈలల మధ్య ఆడుతోంది. కట్టడి అన్నప్పుడల్లా దెబ్బ తగిలేది మాకే. రాసినవారి జోలికి, తీసినవారి జోలికి ఎవరూ పోరు.

సత్యనారాయణపురం తల్లి: మీ పొట్ట కొట్టమని నేను అనలేదమ్మా. నిషేధించమని కూడా అనలేదు.

బ్రాడీపేట లెక్చరర్: మరి ఏం కావాలి మీకు? అమ్మాయికి ధైర్యం నేర్పండి, చాలు.

సత్యనారాయణపురం తల్లి: చాలా? మా ఆయన తనకు ఆటో మాన్పించారు, ఫోను లాక్కున్నారు. పాడింది వాళ్లు, శిక్ష మా పిల్లకు! మీరు ఇంతసేపూ పాటను కాపాడారు, కుర్రాళ్లను కాపాడారు. మా అమ్మాయి ఎలా ఉందని ఒక్క మాటైనా అడిగారా?

బ్రాడీపేట లెక్చరర్: నాకిద్దరూ మగపిల్లలే. వార్షికోత్సవంలో ఇలాంటి పాటకే డ్యాన్స్ చేశాడని పెద్దవాణ్ణి కాలేజీవారు సస్పెండ్ చేశారు. ఆ పాటకు ముందు అనుమతి ఇచ్చిందీ వాళ్లే. ప్రతి కుర్రాణ్ణీ పోకిరీగా చూస్తుంటే తండ్రిగా నాకు మండదా?

గుంటూరు గాయని: సార్, మీ అబ్బాయికి జరిగిందే నాకూ జరిగింది. కానీ ఆవిడ అడుగుతున్నది అది కాదు.

మంగళగిరి విద్యార్థి: సెన్సార్ బోర్డు 2023 సవరణ తర్వాత యు/ఏ సినిమాలను 7+, 13+, 16+ అని విడదీసింది. అది సినిమాకే. యూట్యూబ్‌లో ముందే వదిలే పాటకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. అక్కడ ఇంట్లోవాళ్లు తప్ప మాట్లాడేవారు లేరు.

సత్యనారాయణపురం తల్లి: లెక్చరర్ గారూ, సస్పెన్షన్ సంగతి సరే. ఆ పాట ఆడపిల్లతో ఏమంటోందో మీ అబ్బాయితో ఎప్పుడైనా మాట్లాడారా?

బ్రాడీపేట లెక్చరర్: లేదు. మాట్లాడతాను. అంతమాత్రాన పాటే వాణ్ణి చెడగొట్టిందని మాత్రం ఒప్పుకోను.

సత్యనారాయణపురం తల్లి: ఒప్పుకోనక్కర్లేదు. వాడు ఏమన్నాడో ఇక్కడ రాయండి.