పాత డెస్క్‌టాప్ పదే పదే ఆగిపోతోంది: మదర్‌బోర్డు మార్చాల్సిందేనా?

ప్రశ్న

నమస్కారం. మా ఇంట్లో 2012లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. రెండో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. మొదట 2 జీబీల డీడీఆర్3 ర్యామ్ ఉండేది. నిరుడు దానికి తోడుగా 4 జీబీల సెకండ్ హ్యాండ్ ర్యామ్ వేయించాము. నాన్నగారు పొలం అడంగల్, 1బీ కాపీలు తీసుకోవడానికీ, పాప స్కూలు ప్రాజెక్టులు చేసుకోవడానికీ ఇదే ఆధారం. కొన్ని నెలలుగా ఇది పని మధ్యలో ఆగిపోతోంది. ఒక్కోసారి నీలి తెర వచ్చి, అక్షరాలు చదివేలోపే రీస్టార్ట్ అవుతుంది. ఒక్కోసారి ఏ సూచనా లేకుండా, స్విచ్ కట్టేసినట్టు ఆరిపోయి, మళ్ళీ దానంతట అదే మొదలవుతుంది. రిపేరు షాపులో ఫార్మాట్ చేసి ఇచ్చినా ఫలితం లేకపోయింది. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందనీ, సెకండ్ హ్యాండ్‌ది వేస్తామనీ అంటున్నారు. డబ్బు పెట్టే ముందు ఇంట్లోనే తేల్చుకోగలిగినది ఏమైనా ఉందా?

మొదటి సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి ఇవి రెండు వేర్వేరు సమస్యలు కావచ్చు. నీలి తెర వచ్చిందంటే విండోస్ తానే లోపాన్ని గుర్తించి ఆగిందని అర్థం. ఏ తెరా రాకుండా ఆరిపోయిందంటే దానికి ఆ వ్యవధి కూడా దొరకలేదని అర్థం. మొదటిదానికి ఎక్కువగా ర్యామ్, డ్రైవర్లు (పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్లు), డిస్క్ కారణమవుతాయి. రెండోదానికి కరెంటు సరఫరా లేదా వేడి.

ముందుగా ముఖ్యమైన ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. ఇకపై నీలి తెర వస్తే అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి, స్టాప్ కోడ్‌ను (తెర మీద కనిపించే లోపం పేరును) ఫోనుతో ఫొటో తీయవచ్చు. విండోస్ తనలో జరిగినవి నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని కనిపిస్తే కంగారు పడవద్దు. దాన్ని చూపించి పవర్ సప్లై (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) అమ్మేవాళ్ళున్నారు గానీ, కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదన్న ఒక్క సంగతి తప్ప అందులో కారణమేమీ ఉండదు.

రెండో సమాధానం

ఫార్మాట్ చేసినా తగ్గలేదంటే నా అనుమానం నిరుడు వేసిన ర్యామ్ మీదే. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకిన తర్వాతే ర్యామ్‌ను ముట్టుకోండి. బంగారు రంగు అంచును మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొట్టు దులిపేయండి. ఆ తర్వాత ఒక్క ర్యామ్ స్టిక్కు మాత్రమే ఉంచి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామ్‌తో కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. రెండో స్టిక్కును కూడా అదే స్లాట్‌లో (ర్యామ్‌ను గుచ్చే గాడిలో) పరీక్షించాలి. లేకపోతే తప్పు స్టిక్కుదో స్లాట్‌దో తేలదు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్కును నమ్మవద్దు. ఎలాగూ మూత తీస్తారు కనుక ప్రాసెసర్ ఫ్యాను కింద పేరుకున్న దుమ్ము కూడా తీసేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీలి తెర మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని వచ్చింది. పాత స్టిక్కు పరీక్షలో నెగ్గింది. 4 జీబీల దానికి అదే స్లాట్‌లో వరుసగా ఎర్రర్లు చూపే ఎర్ర గీతలు వచ్చాయి. దాన్ని తీసేశాక నీలి తెర మళ్ళీ రాలేదు. కానీ హఠాత్తుగా ఆరిపోవడం మాత్రం అలాగే ఉంది. గమనించి చూస్తే, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలోనే అలా జరుగుతోంది.

మూడో సమాధానం

అలాగైతే ముందు ఇన్వర్టర్‌ను చూడండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది. కరెంటు తెగినప్పుడు కంప్యూటర్ పవర్ సప్లై తనలో నిల్వ ఉన్న విద్యుత్తుతో పూర్తి లోడు మీద 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే నెట్టుకురాగలదు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఆ గడువులోపు అందుకుంటుంది. నార్మల్ మోడ్‌లో అంతకు మించి ఆలస్యం అవుతుంది; ఫ్యాన్లకూ లైట్లకూ అది పట్టదు, కంప్యూటర్‌కు పడుతుంది.

యూపీఎస్ మోడ్‌లో పెట్టినా ఆరిపోతుంటే, విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటర్లు పాతబడడం వల్ల పవర్ సప్లై సత్తా తగ్గి ఉండవచ్చు. దాన్ని మొత్తంగా మార్చండి తప్ప విప్పవద్దు, ప్లగ్గు తీసినా లోపల ఛార్జి నిలిచి ఉంటుంది. మదర్‌బోర్డు మీద, ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపిస్తే మాత్రం షాపువారి మాటలో నిజం ఉన్నట్టే.

అప్పుడైనా బోర్డు మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, రెండో తరం ఐ3 విండోస్ 11 అర్హతల జాబితాలో లేదు. అదే డబ్బుతో సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) కొంటే, రేపు ఇంకో కంప్యూటర్‌లోనైనా పెట్టుకోవచ్చు. నాన్నగారికి కావలసింది బ్రౌజరూ ప్రింటరూ మాత్రమే అయితే, విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, మీ ప్రింటరు అందులో పనిచేస్తుందో లేదో ఇన్‌స్టాల్ చేయకముందే చూసుకోండి.