బూజు పట్టిన క్యాసెట్‌లో మా పాటలు, ఎలా కాపాడుకోవాలి?

1998లో బెంగళూరు మల్లేశ్వరంలో నలుగురం తెలుగువాళ్లం కలిసి బ్యాండ్ పెట్టాం. ఎనిమిది నెలలే నడిచింది. మాటలు, బాణీలు అన్నీ మావే. అద్దె గదిలో టేప్ రికార్డర్ పెట్టి, 60 నిమిషాల క్యాసెట్ ఒకటి నింపాం. రెండో పాట మధ్యలో కింద ఇంటి ఓనరమ్మ కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది.

మా డ్రమ్మర్ పోయిన ఏడాది చనిపోయాడు. వాడు పాడింది ఇందులో మాత్రమే ఉంది. మొన్న తీసి చూస్తే రీలు అంచుల్లో తెల్లటి బూజు! తెగిపోతుందేమోనని టెన్షన్, ప్లేయర్‌లో పెట్టలేదు.

బూజు ఎలా తీయాలి? రీలును వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చొచ్చా? బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్ వైపు ఇలాంటి పని జాగ్రత్తగా చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా డ్రమ్మర్ వాళ్లమ్మగారికి వినిపిస్తానని మాటిచ్చాను. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.