అప్‌డేట్: ప్యూపాలో జన్యువులు ఆగిపోతాయా?

గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే మధ్య దశలో, అంటే కదలకుండా వేలాడే ప్యూపాలో, జన్యువులు పనిచేస్తుంటాయా అని అడిగాను కదా. జవాబు చెప్పినవాళ్లందరికీ థాంక్స్. మీరిచ్చిన పేర్లు పట్టుకుని కూర్చుని చదివాను.

ఆగిపోవడం మాట అటుంచండి, అసలు హడావుడి అక్కడే! ఎక్డైసోన్ హార్మోన్ పెరిగితే గొంగళిపురుగు చర్మం విడుస్తుంది. అప్పుడు జువెనైల్ హార్మోన్ కూడా ఎక్కువగా ఉంటే మళ్లీ గొంగళిపురుగుగానే ఉంటుంది. ఆ హార్మోన్ తగ్గితే బ్రాడ్ అనే జన్యువు చురుకై ప్యూపాగా మారుస్తుంది. ఆ తర్వాత E93 అనే మరో జన్యువు వంతు. రెక్కలున్న ఎదిగిన కీటకం రూపం రావడానికి అదే కీలకం. ఈ సంగతులు ఎక్కువగా పండు ఈగ, పట్టుపురుగుల్లో తేలినవే. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం రెక్కల మొగ్గలు గొంగళిపురుగు ఒంట్లోనే ముందుగా ఉండటం.

నేను అడిగిన గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుక ఫిన్లాండ్ ప్రధాన భూభాగంలో కనుమరుగై, ఆలండ్ దీవుల్లో మిగిలింది. దాని జన్యుక్రమం 2014లో వెలువడింది, 31 జతల క్రోమోజోములు. ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూడటానికి ప్యూపా నుంచి ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు) తీయాలంటే మామూలుగా దాన్ని చంపాల్సిందే. అందుకే ఇలాంటి జాతుల్లో ల్యాబ్‌లో పెంచినవాటినే, అవీ కొద్దిగానే వాడాలని నా గట్టి అభిప్రాయం.