స్వింగ్ డాన్సుకు వెళ్తే నిజంగా మనుషులు దగ్గరవుతారా?

జెర్సీలో ఒక్కడిని:

అందరికీ నమస్కారం. నేను ఎడిసన్‌లో ఉంటున్నాను. వయసు 34. వచ్చి రెండేళ్లయింది, ఉద్యోగం ఇంటి నుంచే. గదిలో కలిసి ఉన్న స్నేహితుడు ఇండియా వెళ్లిపోయాడు. మొన్న ఒక శనివారం సాయంత్రం పాల కోసం దుకాణానికి వెళ్లాను. డబ్బులు తీసుకున్న అమ్మాయికి థాంక్స్ చెప్పాక గుర్తొచ్చింది, ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదేనని.

మా టీములో ఒకాయన బలవంతం చేస్తే గత బుధవారం న్యూయార్క్‌లో ఒక స్వింగ్ డాన్సుకు, అంటే జాజ్ పాటలకు జంటలుగా ఆడే డాన్సుకు, వెళ్లాను. గంటన్నర గోడ పక్కనే నిలబడ్డాను. ట్రంపెట్, ట్రాంబోన్, డ్రమ్స్, మనిషంత ఎత్తున్న బేస్‌తో బ్యాండు ఎదురుగానే వాయిస్తోంది. డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకరు, ఇరవై ఏళ్ల కుర్రాడు జంటగా ఆడారు. పాట అయిపోగానే ఇద్దరూ నవ్వుకుని, థాంక్స్ చెప్పుకుని, చెరో వైపు వెళ్లిపోయారు. నన్ను ఇద్దరు అడిగారు. రాదని చెప్పి తల తిప్పుకున్నాను.

నా ప్రశ్న డాన్సు ఎలా నేర్చుకోవాలని కాదు. మూడు నిమిషాలు చేయి పట్టుకుని వెళ్లిపోయే మనుషుల మధ్య పరిచయం నిలుస్తుందా? దాదాపు వందేళ్ల నాటి ఈ డాన్సు ఇప్పటి మనుషులకు ఏమిస్తోంది? అమ్మకు ఫోనులో చెబితే "పరాయివాళ్ల చేతులు పట్టుకోవడం ఎందుకురా" అంది. ఆ మాట కూడా మనసులో ఉండిపోయింది.

మేడ మీద మల్లె:

తమ్ముడూ, నాకు 51. క్వీన్స్‌లో ఉంటాను. పదకొండేళ్లుగా లిండీ హాప్ అనే స్వింగ్ డాన్సు ఆడుతున్నాను. మీరు గోడ పక్కన నిలబడిన గంటన్నర గురించి చదివి ఊరుకోలేకపోయాను, అందుకే ఇంత పెద్ద జవాబు.

అమ్మగారి మాటతో మొదలుపెడతాను. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో కోలాటం ఆడేవాళ్లం. ఎదురుగా ఎవరొస్తే వాళ్ల కోలకు మన కోల తగలాలి. వాళ్లు ఎవరి అమ్మాయి, మనతో మాట్లాడుతున్నారా లేదా అని చూసుకునే వ్యవధి ఉండదు. నాలుగు దెబ్బలు పడగానే ఇంకొకరు ఎదురవుతారు. ఇక్కడి మొదటి క్లాసులో గుండ్రంగా నిలబెట్టి, రెండు నిమిషాలకోసారి మాస్టారు "మారండి" అనగానే నాకు ఆ పందిరే గుర్తొచ్చింది. మా అమ్మకు ఇలాగే చెప్పాను. "అయితే కర్రల బదులు చేతులన్నమాట" అని ఆవిడ ఊరుకుంది.

ఆ చేయి పట్టుకోవడం గురించి కూడా చెప్పాలి, చూసేవాళ్లకు అది తెలియదు. వేళ్లు కొక్కెంలా వంచి ఉంచుతాం, బిగించం. ఎనిమిది లెక్కల్లో దగ్గరికొచ్చి, కలిసి ఒక చుట్టు తిరిగి, చేయి చాచినంత దూరం విడిపోతాం. దాన్ని స్వింగౌట్ అంటారు. చివరి లెక్కల్లో ఇద్దరూ కాస్త వెనక్కి ఒరుగుతారు. బావిలో చేద నిండిన సంగతి పైనున్నవాళ్లకు తాడులో తెలిసినట్టు, అవతలి మనిషి బరువు వేళ్లలో తెలుస్తుంది. భయపడుతున్నారా, అలసిపోయారా, పాట వింటున్నారా అన్నీ తెలుస్తాయి. రోజంతా తెరల మీద ముఖాలు చూసే మనకు ఇంకొక మనిషి బరువు చేతికి తెలియడం చిన్న విషయం కాదు.

ఈ డాన్సు పుట్టింది కూడా అలాంటి అవసరంలోనే. 1920ల చివర న్యూయార్క్‌లోని హార్లెంలో నల్లజాతి యువత దీనికి ప్రాణం పోశారు. లెనాక్స్ అవెన్యూలో 140, 141 వీధుల మధ్య 1926లో సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్సు హాలు తెరిచారు. ఒక బ్యాండు దిగేలోపు ఇంకొకటి అందుకోవడానికి వీలుగా రెండు వేదికలు ఉండేవి. ఊళ్లో చాలా చోట్ల నల్లవాళ్లను గుమ్మం కూడా దాటనివ్వని రోజుల్లో అక్కడ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేల మీద ఆడారు. 1958లో మూసేశారు, భవనం కూడా లేదు. ఒక ఆదివారం దాని గుర్తుగా పెట్టిన ఫలకం వెతుక్కుంటూ వెళ్లాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు. ఎవరో పిల్లవాడు సైకిలు తొక్కుతున్నాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఈ డాన్సు ఆడేవాళ్లు ఆ చోటికి ఒకసారైనా వెళ్లాలని నా కోరిక.

సవాయ్‌లో డాన్సరుగా పేరు తెచ్చుకున్న ఫ్రాంకీ మానింగ్ రెండో ప్రపంచ యుద్ధం తరువాత ముప్పై ఏళ్లకు పైగా పోస్టాఫీసులో ఉద్యోగం చేశారు. 1980లలో కుర్రవాళ్లు వెతుక్కుంటూ వస్తే మళ్లీ నేర్పడం మొదలుపెట్టారు. పుట్టినరోజున ఎన్నేళ్లు నిండితే అంతమందితో వరుసగా ఆడేవారు. 2009లో, 95 నిండడానికి నెల రోజుల ముందు పోయారు.

ఇక మీ అసలు ప్రశ్న. అమ్మ పోయినప్పుడు ఇండియా వెళ్లి మూడు వారాల తరువాత తిరిగొచ్చాను. ఇంట్లో ఉండలేక బుధవారం డాన్సుకు వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. నాతో ఎప్పుడూ ఆడే పెద్దాయన ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. నిజానికి అప్పటికి ఆయన ఇంటిపేరు కూడా నాకు తెలియదు. ఏమీ అడగలేదు. వేగం పాటలు నాలుగు పోనిచ్చి, నెమ్మది పాట రాగానే చేయి చాచారు. పాట సగంలో ఏడుపొచ్చింది. ఆయన అడుగులు ఇంకా చిన్నవి చేశారు, ఆపలేదు. పాట అయ్యాక జేబు రుమాలు ఇచ్చి వెళ్లిపోయారు. ఆ రుమాలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది పరిచయమో స్నేహమో మీరే పేరు పెట్టుకోండి.

అందరూ అలా ఉండరు. ఒకసారి ఒకతను చేయి మెలిపెట్టి తిప్పితే భుజం పది రోజులు నొప్పి పెట్టింది. అలాంటప్పుడు పాట మధ్యలోనే ఆగిపోవచ్చు. వద్దంటే "వద్దు, థాంక్స్" చాలు, కారణం చెప్పక్కరలేదు. అడిగేది మగవాళ్లే కావాలనీ లేదు, నడిపించేది మగవాళ్లే కావాలనీ లేదు. ఈసారి ఎవరైనా అడిగితే "కొత్త" అని మాత్రం చెప్పండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

మంచులో మామిడి:

అక్కయ్యగారు రాసినది చదివి కళ్లు చెమర్చాయి. అయినా ఒక మాట కలుపుతాను. నేను స్టాక్‌హోంలో ఆరేళ్లుగా ఆడుతున్నాను. మొదటి ఏడాది వారం వారం వెళ్లినా ఒక్క స్నేహితుడు లేడు. పాట మొదలయ్యాక వెళ్లి, అయిపోగానే రైలు పట్టుకునేవాణ్ణి. తరువాత ముందే వెళ్లి కుర్చీలు జరపడం, చివర్లో నేల తుడవడం మొదలుపెట్టాను. స్నేహాలు అక్కడ కుదిరాయి. ఇక్కడ హెర్రాంగ్ అనే చిన్న ఊళ్లో 1982 నుంచి వేసవిలో డాన్సు శిబిరం జరుగుతోంది. అక్కడ కూడా నాకు ఎక్కువగా గుర్తున్నది అర్ధరాత్రి గిన్నెలు కడుగుతూ చెప్పుకున్న కబుర్లే.

ఇంకొకటి. జంట డాన్సులు వాటంతట అవే పోయాయని అనుకుంటాం. అమెరికాలో 1944లో, డాన్సుకు చోటిచ్చే క్లబ్బుల మీద 30 శాతం పన్ను వేశారు. తరువాత 20కి తగ్గించినా, చాలామంది యజమానులు ఆడే చోట బల్లలు వేసేశారు. జనం కూర్చుని వినడానికి అలవాటు పడటంలో దాని పాత్ర కూడా ఉంది. ఆడే చోటు ఉంటేనే ఆడే మనుషులు ఉంటారు. అందుకే మీ ఊళ్లో ఆ హాలు నడిపేవాళ్లకు ఒక చేయి అందించండి.

జెర్సీలో ఒక్కడిని:

అక్కా, నిన్న వెళ్లాను. మొదటి గంట క్లాసులో పదకొండు మందితో మారాను. ఏడో ఆవిడ నా చేయి పట్టుకుని "ఊపిరి తీసుకోండి" అన్నారు. అప్పటిదాకా బిగబట్టి ఉన్నానని నాకే తెలియలేదు. చేద సంగతి అప్పుడు అర్థమైంది.

పదకొండు మందిలో నాలుగు పేర్లు గుర్తున్నాయి. స్టాక్‌హోం అన్నగారి మాట విని చివరిదాకా ఉండి కుర్చీలు సర్దాను. వచ్చే వారం ఆరున్నరకే రమ్మన్నారు.

ఒక సందేహం. నా బూట్ల రబ్బరు అడుగు నేలకు పట్టేస్తోంది, తిరిగేటప్పుడు మోకాలు లాగుతోంది. పాత బూట్లకే తోలు అడుగు వేయించుకుంటే సరిపోతుందా, కొత్తవి కొనాలా?